గడప దగ్గర పసుపు

వకుళ టీచరుకి జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే చెప్పులేసుకుని ఎక్కడికో బయల్దేరతారు. అడిగినవాళ్ళు వెంట పోవాలి. కిందటేడు ఒకతన్ని సంతకి తీసుకెళ్ళి, తిరిగి తీసుకురావడం మరిచిపోయారు. అతనిప్పుడు అక్కడే ఉల్లిపాయలమ్ముతున్నాడు. సుఖంగానే ఉన్నాడంటారు.

శ్రావణ మంగళవారం సాయంత్రం ఆవిడ పాత శిష్యురాలు హైమ పరుగున వచ్చింది. మర్నాడు పట్నంలో పరిశోధన పట్టా కోసం నోటి పరీక్ష. పోయినసారి ఒక్క ప్రశ్న దగ్గర తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఈసారీ అంతే అయితే ఇన్నేళ్ళ చదువూ గోదాట్లో కలిసినట్టే.

“టీచర్, సూక్ష్మజీవి కడుపు నిండుతున్నా బయటి చక్కెర లోపలికే పోతుంది. ఎక్కువున్న చోటినుంచి తక్కువున్న చోటికి కదా పోవాలి! తిరిగి బయటికి రాదేం?”

టీచరు చెప్పులేసుకున్నారు. “అచ్చాయమ్మ ఇంట్లో పేరంటం. పద.”

“ఆఖరి బస్సుందండీ!”

“పద.”

అచ్చాయమ్మ ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. వీధిలో ఒకరిద్దరే ఉన్నారు, వాళ్ళూ లోపలికే వస్తున్నారు. వంటింట్లో పెద్దకోడలు పసుపు తడిపి రెండో కోడలికి అందిస్తోంది, ఆమె మూడో కోడలికి, ఆమె గడప దగ్గరున్న అత్తగారికి. కోడళ్ళ మధ్య మాటల్లేవు, పసుపు మాత్రం నడుస్తుంది. పాదాలకి అది రాయందే అచ్చాయమ్మ ఎవర్నీ లోపలికి వదలదు.

హైమ పాదాలూ పసుపయ్యాయి. టీచరు మాత్రం బయట అరుగు మీదే కూర్చుండిపోయారు.

కాసేపటికి బస్సు హారను మోగింది. హైమ గడప దగ్గరికి ఉరికింది. అచ్చాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“పసుపు కాళ్ళతో, తాంబూలం పుచ్చుకోకుండా బయటికా? ఎవరింటి పిల్లవే నువ్వు?”

“టీచర్! నా జవాబు? నా బస్సు?”

“బస్సెక్కడికి పోతుందే,” అన్నారు టీచరు అరుగు మీంచే, “డ్రైవరు పెళ్ళాం నీ పక్కనే శనగలు తింటుంటే! ఆవిడ కాళ్ళూ పసుపే.”

హారతి అయ్యాక, తాంబూలాలు అందాక, బస్సు కదిలింది. పేరంటానికొచ్చిన మాకేమీ అర్థం కాలేదు. హైమకి మాకన్నా తక్కువ అర్థమైనట్టుంది, కిటికీ పక్కన కూర్చుని తన కాళ్ళకేసే చూసుకుంటోంది.

రెండ్రోజులకి అదే బస్సులో కబురొచ్చింది. పరీక్షలో మళ్ళీ అదే ప్రశ్న వేశారట. హైమ వంగి పాదాలు చూసుకుని, “గడప దాటుతుండగానే చక్కెరకి ఫాస్ఫేటు అంటుకుంటుందండీ. అంటాక ఆ గడపలోంచి తిరిగి పోలేదు” అందట. గడపేమిటని పెద్దలు కాసేపు తికమకపడ్డారు గానీ, పట్టా ఇచ్చేశారు.

అచ్చాయమ్మకి మాత్రం అనుమానం తీరలేదు. కబురు వినగానే టీచరుగారింటికి వెళ్ళి నిలదీసింది.

“తిరిగి పోలేదు, సరే. లోపల అంత చక్కెర పేరుకుపోతే ఇంకా ఇంకా లోపలికే ఎలా పోతుందమ్మా?”

టీచరు చెప్పుల కోసం చూసి, ఎందుకో మానుకున్నారు.

“గడప బయట నిలబడింది హైమ. గడప లోపల నీకు కనిపించింది ఓ పసుపు కాళ్ళ పేరంటాలు. మరి లోపల హైమ ఏదీ, అచ్చాయమ్మా?”