వదలమనేదాకా వదలని అన్నదమ్ములు

రండి పిల్లలూ, ఇంకా దగ్గరికి జరగండి. చాప మీద చోటుంది, వెనకున్నవాళ్ళు ముందుకి రండి. కూర్చున్నారా? సరే, వినండి.

ములగవలసలో ముగ్గురన్నదమ్ములు. పోలయ్య, గవర్రాజు, చిట్టెబ్బాయి. తమ ఇంట్లో ఉన్నంత తెలివి మండలం మొత్తమ్మీద లేదని వాళ్ళ నమ్మకం. ఎండకి తెలివి కరిగిపోతుందని పోలయ్య నెత్తిన తడిగుడ్డ లేకుండా గడప దాటేవాడు కాదు. తుమ్ముతో పాటు తెలివి ఎక్కడ బయటికి పోతుందోనని గవర్రాజు ముక్కు గట్టిగా మూసుకునేవాడు.

ఊళ్ళో వరి కోసే మిషను ఒక్కటే. దాన్ని అద్దెకిచ్చే పని ఈ ముగ్గురిది. ఒకే పూటకి ఇద్దరు రైతులకి మాటిచ్చి తిట్లు తినడం వాళ్ళకి మామూలే. అది చూడలేక, పట్నంలో కంప్యూటర్ పని చేసే వాళ్ళ మేనత్త కూతురు సువర్చల ఒక ప్రోగ్రాం రాసిచ్చింది. అందులో ఒక పట్టిక. మిషనుకి ఒక వరస, మందు కొట్టే స్ప్రేయరుకి ఒక వరస. ఒకే పలక మీద ఇద్దరు ఒకేసారి రాస్తే ఏమవుతుంది? ఇద్దరి రాతా పాడవుతుంది కదా. అందుకని ఒకరు ఒక వరసలో రాస్తున్నంతసేపూ దానికి తాళం పడుతుంది, రెండోవాళ్ళు ఆగాలి. మన మాటని పట్టికకి తెలిసే మాటగా మార్చి చేరవేసేది మధ్యలో ఒకటుంటుంది, దాన్ని లైబ్రరీ అంటారు. అది తాళం సరిగ్గా వేయిస్తోందో లేదో పరీక్షించాలి.

సువర్చల ఫోన్లో ముగ్గురికీ పని పంచింది. పోలయ్య బావ మిషను వరస తెరిచి పట్టుకోవాలి, తను వదలమనేదాకా వదలకూడదు. గవర్రాజు బావ రెండో కంప్యూటర్లో అదే వరస అడగాలి, అన్న వదిలేదాకా దేన్నీ ముట్టుకోకూడదు, వదలగానే తన పేరు రాసుకోవాలి. చిట్టెబ్బాయి బావ తాళం ఉన్న వరస తగిలితే దాటేసి, తర్వాతిది తీసుకోవాలి. ఇదంతా నకలు పట్టికలోనే, అసలుదాని జోలికి పోవద్దని మరీమరీ చెప్పింది.

ఫోను పెట్టెయ్యగానే పోలయ్య తల అడ్డంగా ఊపాడు. దొంగ పట్టికలో పరీక్షిస్తే దొంగ ఫలితమే వస్తుంది, మనది పరువుగల ఇల్లు అన్నాడు. అంతే, అసలు పట్టిక తెరిచి, మిషను వరసకి తాళం వేసి కూర్చున్నాడు.

అప్పుడే అదే ఊరి రైతు ఎర్రకమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ మడిలో పండిన వరి నిలబడి ఉంది. తూర్పున మబ్బు నల్లగా దిగుతోంది. వాన పడిందా, చేను పడిపోతుంది, ఇంటిల్లిపాది ఏడాది తిండి బురదలో మొలకెత్తుతుంది. మిషను షెడ్లోనే ఉంది కదా, పంపండి నాయనా అని బతిమాలింది. పట్టికలో పేరెక్కందే మిషను కదలదన్నాడు చిట్టెబ్బాయి. ఎక్కించబోతే వరసకి తాళం. ఇంకేముంది, దాటేసి తర్వాతి వరసకి పోయాడు. ఎర్రకమ్మ పేరున స్ప్రేయరు రాసి, దాన్ని తెచ్చి ఆవిడ భుజానికి తగిలించాడు.

“దీంతో వరి ఎలా కొయ్యమంటావు నాయనా?”

“కోత సంగతి నాకు తెలీదు పిన్నీ. ఖాళీ వరస చూడ్డమే నా పని.”

ఆవిడ పోలయ్య దగ్గరికెళ్ళి వదలమంది. సువర్చల చెబితేనే అన్నాడు. ఇంతలో ఫోను మోగింది, అవతల సువర్చలే. ఫోను గవర్రాజు జేబులో ఉంది. గవర్రాజేమో దేన్నీ ముట్టుకోకూడదని చేతులు కట్టుకు కూర్చున్నాడు.

“తమ్ముడు ఫోనెత్తితే నేను వదుల్తాను,” అన్నాడు పోలయ్య.

“అన్న వదిలితే నేను ఫోనెత్తుతాను,” అన్నాడు గవర్రాజు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. బయట ఉరిమింది. ఎర్రకమ్మ ఇక ఆగలేక గవర్రాజు జేబులోంచి ఫోను లాగి, సంగతంతా చెప్పి, పోలయ్య చెవికి ఆనించింది. వదులు బావా అని సువర్చల అరిచిన అరుపుకి పోలయ్య తడిగుడ్డ జారిపోయింది. వదిలాడు. అంతే, గవర్రాజు టకటకా తన పేరు రాసేసుకున్నాడు. పరీక్ష నెగ్గిందని ముగ్గురూ కావలించుకున్నారు. గవర్రాజుకి సెంటు భూమి లేదు, పెరట్లో గుమ్మడిపాదు తప్ప. పట్టికలో పేరు చూసి, మిషను డ్రైవరు దాన్ని ఆ పాదు మీదికే తిప్పుతున్నాడు.

సువర్చల ఫోన్లోనే తల బాదుకుని, గవర్రాజు పేరు తీయించి ఎర్రకమ్మ పేరు రాయించింది. “బాబ్బాబు, ఇవాళ్టికి ఇద్దరు కలిసి దేనిమీదా చెయ్యి వెయ్యకండి,” అని దణ్ణం పెట్టింది.

మిషను పరుగెత్తింది. చివరి చాలు కోసి, ధాన్యం కుప్ప పోసేసరికి చినుకు మొదలైంది. కప్పడానికి అన్నదమ్ములు బరకం పట్టా తెచ్చారు. పోలయ్య ఒక కొస పట్టుకున్నాడు. అన్న చెయ్యి ఉంది కాబట్టి గవర్రాజు ఆగాడు. తమ్ముడికి వీలవ్వాలని పోలయ్య వదిలాడు. బరకం గాలికెగిరి కాలవలో పడింది.

ఎర్రకమ్మకి అప్పుడు వెలిగింది. కాలవలోంచి బరకం లాక్కొచ్చి, దులిపి తనే కప్పింది. నాలుగో మూలకి రాయి పెట్టి, మూడు మూలల మీద ముగ్గుర్నీ కూర్చోబెట్టి, నేను లెమ్మనేదాకా లేవకండి అంది. కదిలితే ఒట్టు. కుండపోత కురిసి వెలిసింది. ఒక్క గింజ తడవలేదు.

“ఇక లేవండి నాయనా, గంజి తాగుదురుగాని,” అంది ఎర్రకమ్మ.

తమ్ముడు వదిలితే లేస్తానన్నాడు పోలయ్య. అన్న వదిలితే లేస్తానన్నాడు గవర్రాజు. ఇక్కడ తాళం పడిందని చిట్టెబ్బాయి ఇద్దర్నీ దాటేసి, పక్క చేలో గడ్డికుప్పెక్కి కూర్చున్నాడు. ఎర్రకమ్మ నవ్వుకుని, ఆ ఇద్దర్నీ బరకంతో సహా పక్కకీడ్చి, ధాన్యం బస్తాలకెత్తుకుని ఇంటికెళ్ళిపోయింది. కింద గింజ లేని ఆ బరకాన్ని వాళ్ళింకా కాపలా కాస్తూనే ఉన్నారు.

ఇక లేవండి పిల్లలూ. పక్కవాడు లేచాక లేద్దామని చూడకండి, అందరూ ఒక్కసారే లేవండి. ఇళ్ళల్లో అన్నం చల్లారిపోతోంది, వెళ్ళి తినండి.