ఫ్యామిలీ అన్న మాట

భానోజీ మాస్టారికి ఒక అలవాటుంది. మాటకు అర్థం అడిగితే వెంటనే చెప్పరు. అది ఎవరి నోట ఎలా పలుకుతోందో విన్నాకే చెబుతారు. ఇంగ్లీషు మాటల పుట్టుక నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వచ్చే సుదర్శనం ఒకనాడు అడిగాడు: "ఫ్యామిలీ అంటే లాటిన్‌లో మొదట ఇంటి చాకిరీ చేసే బానిసలట కదండీ. అది ఆలుబిడ్డలన్న అర్థానికి ఎప్పుడు మారింది?"

చూద్దాం అన్నారు మాస్టారు. అయితే రేపు మా ఇంట్లో భోంచేస్తూ చెప్పాలని శిష్యుడు పట్టుబట్టాడు.

మర్నాడు గుమ్మంలో నీళ్ల చెంబుతో నిలబడ్డ భార్యను చూపించి సుదర్శనం, "మా ఫ్యామిలీ అండీ" అన్నాడు. పెళ్లాన్ని అలా అనడమే మర్యాదని మనవాళ్లలో చాలామంది నమ్మకం. నీ పేరేమిటమ్మా అని మాస్టారు ఆమెను అడిగితే, హైమ అని అతనే చెప్పాడు. వండింది ఆమె, వడ్డించింది ఆమె. పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైందని గురువు ముందే విసుక్కున్నది మాత్రం అతను. ఇలాంటి మొగుళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వడ్డిస్తూనే ఆమె మాటిమాటికీ గడియారం వైపు చూడడం మాస్టారు గమనించారు. ఎక్కడికైనా వెళ్లాలా అని అడిగారు. మళ్లీ శిష్యుడే అందుకున్నాడు. ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసిన టీచరుద్యోగం పరీక్ష ఈ మధ్యాహ్నమేనట.

"పరీక్షదేముందండీ, మళ్లీ వస్తుంది. మీరు మా ఇంటికి రావడం మాటలా? నేనే మానెయ్యమన్నాను."

మాస్టారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ఆటో పిలుస్తాను, బయల్దేరమ్మా అన్నారు.

"ఈపాటికి గేటు మూసేసుంటారండీ" అంది హైమ. "మజ్జిగ పొయ్యమంటారా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. మాస్టారికి అదే మరీ కోపం తెప్పించింది. తన పేరు అడ్డం పెట్టుకుని ఆమె నోటికాడి కూడు లాగేశాడు వీడు. ఇక ఆ విస్తట్లో ముద్ద ఎలా దిగుతుంది? సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నారు.

గురువుగారికి ఏం తక్కువ చేశామో సుదర్శనానికి అంతుబట్టలేదు. తువ్వాలు పట్టుకుని వీధి గుమ్మం దాకా వెంటపడ్డాడు. "నా ప్రశ్నకి జవాబు చెప్పనే లేదండీ. ఆ మాటకి అర్థం ఎప్పుడు మారిందీ?"

మాస్టారు చెప్పులు వేసుకుంటూ వంటింటి వైపు చూశారు.

"మారిందని నీకెవరు చెప్పారురా?"