చివర దూరేదెవరు

రాళ్ళగుట్ట కింద, వేరుశనగ చేనుకి ఇరవై అడుగుల దూరంలో ఒక బొరియ. అందులో రెండు ఏదుపందుల కాపురం: అన్న ఈటయ్య, చెల్లి సూదమ్మ. మేత ముగించుకుని తెల్లవారేసరికి ఇల్లు చేరేవారు. ఒకరు ముందు దూరాలి. రెండోవారు చివర దూరి, తల లోపల పెట్టి, ముళ్ళ వీపుతో గుమ్మం మూసెయ్యాలి. గుట్టమీద చిరుత ఉంది కాబట్టి ఆ వీపే వాళ్ళకు తలుపు. ఒకరోజు అన్న, ఒకరోజు చెల్లి. రెండేళ్ళుగా ఆ వంతు తప్పలేదు.

ఒకసారి కంచె దాటుతుంటే ఈటయ్య కాలికి తుమ్మముల్లు దిగింది. ఒళ్ళంతా ముళ్ళున్నవాడికి ముల్లు గుచ్చుకుందని కోతులు మూడు రోజులు నవ్వాయి. సూదమ్మ నవ్వలేదు. పళ్ళతో ముల్లు లాగేసి, కాలు మానేదాకా తానే చివర దూరింది. తొమ్మిది రోజులు.

తొమ్మిదో రోజు సాయంత్రం చేను గట్టున నక్క ఎదురైంది.

"ఏం ఈటన్నా, ఈమధ్య చెల్లెలి వీపు చాటున బతుకుతున్నావంట?"

కాలు బాగోలేదు, చెల్లి ఆదుకుంది అంటే సరిపోయేది. ఈటయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"బతకడమేంటి? నేనే కాపలా పెట్టాను. పెద్దవాడు లోపలుంటాడు, చిన్నవాళ్ళు గుమ్మం దగ్గరుంటారు. ఎక్కడైనా అంతేగా."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట అంత దూరం పోనక్కర్లేకపోయింది. నలభై అడుగుల అవతల దుంప తవ్వుకుంటున్న సూదమ్మ చెవిలో పడింది. నక్క అందులో ఒక్క అక్షరం కూడా కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు.

అక్కణ్ణించి నక్క తిన్నగా చిరుత దగ్గరికి పోయింది. రేపు పొద్దున ఒక ఇంటికి తలుపుండదని, ఎముకలు మాత్రం తనకొదిలెయ్యాలని బేరం కుదుర్చుకుంది.

తెల్లవారింది. అన్నాచెల్లెళ్ళు బొరియ ముందు నిలబడ్డారు.

"కాలెలా ఉందన్నయ్యా?"

కాలు మానిపోయింది. ఇవాళ చివర తానే దూరతానని చెప్పాలనే వచ్చాడు. కానీ చెల్లి అడిగిన తీరు వాడికి నచ్చలేదు.

"ఎందుకు?"

"దొరగారి కాపలాదారుకి ఇవాళ సెలవు. అందుకు."

"నేను పెద్దవాణ్ణి, సూదీ."

"ఆ సంగతి నక్కకు చెప్పావుగా. మళ్ళీ నాకెందుకు?"

ఈటయ్య లోపలికి దూరాడు. సూదమ్మ గుమ్మం దగ్గర ఆగలేదు. అన్నను దాటుకుని లోపలి గోడదాకా పోయింది. చెరో గోడవైపు తిరిగి పడుకున్నారు. గుమ్మంలోంచి ఎండ లోపలికి వచ్చింది. రెండేళ్ళలో ఆ ఇంట్లో ఎండ పడటం అదే మొదలు.

కాసేపటికి పైన గులకరాయి దొర్లింది. ఏదుపంది ముళ్ళు వెనక్కి వాలి ఉంటాయి, ఇరుకు దారిలో వెనక్కి నడిస్తే మట్టిలో దిగబడతాయి. ఇప్పుడు తలుపు వెయ్యాలంటే ఒకరు తల ముందు పెట్టి బయటికి పోయి, తిరిగి దూరాలి. ఒంటిమీద ముళ్ళు లేనిది ఆ తలకే.

"అన్నయ్యా, నిద్రపోయావా?"

పోలేదు. పలకలేదు.

"సరే, కాస్త జరుగు. నేనే పోయి తిరిగొస్తాను."

జరిగాడు.

పంజా ఒక్కసారే పడింది. గుమ్మం దగ్గర మూడు ముళ్ళు మిగిలాయి.

ఇప్పుడు రోజూ చివర దూరేది ఈటయ్యే. ముందు దూరడానికి ఎవరూ లేరు. అటుగా పోతూ నక్క అప్పుడప్పుడు పలకరిస్తుంది: "పెద్దవాడా, గుమ్మం దగ్గరెవరు?"

తోబుట్టువు మీద నెగ్గిన పంతం, తలుపు పీకేసిన ఇల్లు.