మూడు చేదల సేపు

అనగనగా, చాలా ఏళ్ళ కిందట, ఒక్క ఏటి నీళ్ళ కోసం రెండు చిన్న రాజ్యాలు కొట్టుకున్నాయి. ఏటికి ఇవతలి వాళ్ళు ఓడిపోయారు. చచ్చినవాళ్ళు చావగా, దొరికినవాళ్ళను గెలిచిన రాజు తన కొండకోటకు తోలుకుపోయాడు.

దొరికినవాళ్ళలో పోలయ ఒకడు. అతడు వీరుడేమీ కాదు. సైన్యంలో గుర్రాలకు గడ్డి కోసేవాడు. పొట్టిగా, సన్నగా ఉండేవాడు. కొడవలి తప్ప కత్తి పట్టి ఎరగడు. అతణ్ణి మరో ఇద్దరితో కలిపి ఒక రాతికొట్లో పడేశారు. ఆ ఇద్దరిలో ఒకడు కాటయ, రాజుగారి మల్లుడు. పోట్లగిత్తను కొమ్ములు పట్టి ఆపినవాడు. రెండోవాడు సింగన, విలుకాడు. ముక్కు మీదే కోపం.

ఆ కొట్టు పైకప్పు మరీ కిందికి ఉండేది. పొట్టివాడైన పోలయకు కూడా నడుం వంచకుండా నిలబడడం కుదరదు. కాళ్ళకు గొలుసులు. రోజంతా కూర్చోవాలి, లేకపోతే పడుకోవాలి.

రోజుకొక్కసారి, పొద్దున పూట, ముత్తడనే ముసలి కావలివాడు వచ్చి గొలుసులు విప్పేవాడు. ముగ్గురినీ పెరట్లోకి వదిలేవాడు. అక్కడ లోతైన బావి ఉంది. మనిషికొక చేద చొప్పున మూడు చేదల నీళ్ళు తోడి కుండలో పోసేవాడు. మూడోది పోయగానే, "అయింది, లోపలికి పదండి" అనేవాడు. వాళ్ళు నిటారుగా నిలబడేది ఆ మూడు చేదల సేపే.

మొదటి రోజే పోలయ ఒక సంగతి చూశాడు. పక్క కొట్లోంచి ఒక మనిషిని ఇద్దరు భటులు మోసుకొస్తున్నారు. అతడి కాళ్ళు ఎండిన కందికట్టెల్లా వేలాడుతున్నాయి. నేల మీద నిలబెడితే నిలవలేక ముద్దగా కూలిపోయాడు.

"ఏమైంది తాతా ఆయనకు? దెబ్బలా?" అని అడిగాడు పోలయ.

"దెబ్బలేం లేవురా," అన్నాడు ముత్తడు చేద దించుతూ. "వచ్చినప్పుడు కాళ్ళు బాగానే ఉండేవి. నాలుగేళ్ళు కూర్చున్నాడు. అంతే."

ఆ రోజంతా తన కాళ్ళు తాను తడుముకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు తలుపు తెరవగానే అతడు ఆలస్యం చేయలేదు. మొదటి చేద పైకి వచ్చేదాకా పెరడు చుట్టూ వడివడిగా నడిచాడు. రెండో చేద వచ్చేదాకా గుంజీళ్ళు తీశాడు. మూడో చేద వచ్చేదాకా గోడకు చేతులు ఆనించి, ఒంటి బరువంతా చేతుల మీద వేసి తోశాడు. తీసింది తొమ్మిది గుంజీళ్ళే. తినేది పిడికెడు జొన్నసంకటి, ఒంట్లో అంతకన్నా సత్తువ లేదు.

కాటయ అతణ్ణి చూసి జాలిగా నవ్వాడు. "ఒరే పోలా, సాము అంటే ఇది కాదురా. దానికో పద్ధతి ఉంది. ఊళ్ళో నేను పిల్లలకు సాము నేర్పే గరిడీలాంటిది ఉండాలి, మెత్తటి మట్టి ఉండాలి. పొద్దున జాము, సాయంత్రం జాము చేస్తేనే అది సాము. ఈ కాస్త సేపు నాకు ఒంటికి నూనె పట్టించుకోవడానికే చాలదు. ఇంటికి పోయాక మళ్ళీ మొదలుపెడతాను, చూద్దువుగాని."

అలా అని కాటయ గోడ నీడన కూర్చునేవాడు. అతడు చెడ్డవాడు కాదు. తన సంకటిలో సగం విరిచి పోలయ ముందు పెట్టేవాడు. "నువ్వు ఒళ్ళు వంచుతున్నావు, తిను. కూర్చున్నవాడికి ఇంత ఎందుకు?" అనేవాడు.

సింగన తీరు వేరు. పోలయను చూసి అతడికి పౌరుషం వచ్చింది. "గడ్డి కోసేవాడు తొమ్మిది తీస్తే నేను నూరు తీస్తాను" అన్నాడు. ఒక్క ఊపున మొదలుపెట్టాడు. అరవై దాటాక మోకాలు కలుక్కుమంది. పదిహేను రోజులు కాలు వాచి, పడుకున్నచోటే మూలిగాడు. తగ్గాక కూడా మళ్ళీ ఆ జోలికి పోలేదు. "ఈ కాసేపట్లో ఒరిగేదేముంది?" అని మొహం తిప్పుకున్నాడు.

పోలయ మాత్రం మానలేదు. వాన పడ్డా తడుస్తూనే నడిచాడు. జ్వరం వచ్చిన రోజు రెండే గుంజీళ్ళు తీశాడు. ఏడుపు వచ్చిన రోజు ఏడుస్తూనే తీశాడు. నెల తిరిగేసరికి తొమ్మిది పన్నెండయ్యాయి. ఏడాది తిరిగేసరికి ముప్పై అయ్యాయి. అంతకుమించి పెరగలేదు. ఒంటికి కండ పట్టలేదు. కానీ కాళ్ళు చచ్చుబడలేదు.

ఒకరోజు బతిమాలి సింగనను కూడా లేపాడు. "అన్నా, నూరు వద్దు. నాతోపాటు నాలుగు తియ్యి. నొప్పెడితే మానెయ్యి." సింగన తిట్టుకుంటూనే తీశాడు. ఆ తర్వాత రోజూ తీశాడు. కాటయనూ పిలిచాడు. కాటయ తల అడ్డంగా ఊపాడు. అప్పటికే అతడికి గోడ పట్టుకోకుండా లేవడం కష్టమవుతోంది. అది వాళ్ళ కంటపడడం అతడికి ఇష్టం లేదు.

రెండో ఏడు నిండాక ఒక పొద్దున కోట సేనను నడిపే దళవాయి వచ్చాడు.

"మీ రాజుకూ మా రాజుకూ సంధి కుదిరింది. మిమ్మల్ని వదిలేస్తున్నాం. కానీ ఒక షరతు. సరిహద్దు రాయి ఇక్కడికి ఆమడన్నర దూరం. పొద్దుగుంకేలోగా కాలినడకన దాటినవాడు మీవాడు. ఒకరినొకరు మోయకూడదు. కూలబడ్డవాడు నూరు లెక్కపెట్టేలోగా లేవకపోతే మళ్ళీ కొట్లోకే. ఇంక చచ్చేదాకా బయటికి రాడు."

ముగ్గురి వెనకా ఒక రౌతు గుర్రమెక్కి బయలుదేరాడు.

మొదట కోటమెట్లు. మూడు వందల మెట్లు దిగాలి. సగం దిగేసరికే కాటయ మోకాళ్ళు వణికాయి. చేతుల మీద ఊతం వేసి, మెట్టు మెట్టుకూ కూర్చుని లేస్తూ దిగాడు. కొండను ఢీకొట్టగలడని పేరు పడ్డ మనిషి అలా దిగుతుంటే పోలయ అటు చూడలేకపోయాడు.

తర్వాత ఏటి ఇసుక. నడివేసవి ఎండ. అడుగు వేస్తే మడమ లోతు దిగబడుతుంది. కాటయ ఒకసారి పడ్డాడు, లేచాడు. రెండోసారి పడ్డాడు, పోలయ చెయ్యి పట్టుకుని లేచాడు. మూడోసారి పడ్డప్పుడు కాళ్ళు అతడి మాట వినలేదు.

"ఒకటి, రెండు, మూడు..." రౌతు లెక్కపెడుతున్నాడు.

"లే, కాటయన్నా! అదిగో అవతలి ఒడ్డు కనిపిస్తోంది. లే!" పోలయ అతడి చంకల కింద చేతులు పెట్టి లాగాడు. కాటయ కదల్లేదు. మోకాళ్ళ మీదికి వచ్చాడు, మళ్ళీ ఇసుకలోకి ఒరిగిపోయాడు.

"నలభై ఒకటి, నలభై రెండు..."

"వదిలెయ్యి పోలా." కాటయ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సమయం లేదనుకుని రెండేళ్ళు ఎదురుచూశాన్రా. వాడు తలుపు తీసినప్పుడల్లా సమయం వచ్చింది. నేనే కూర్చుండిపోయాను. నా గరిడీ పిల్లలకు ఈ మాట చెప్పు. దాచకు."

"తొంభై తొమ్మిది. నూరు."

రౌతు కొమ్ము ఊదాడు. కోట వైపు నుంచి బండి వచ్చింది. పోలయ అక్కడే నిలబడిపోతే సింగన అతడి భుజం పట్టి ముందుకు తోశాడు.

ఆఖరున ఎగువదారి. ఎండ వాలుతోంది. పాత మోకాలి నొప్పి తిరగబెట్టి సింగన కుంటుతున్నాడు. ఒకచోట కూలబడ్డాడు. లెక్క ఎనభైకి చేరింది. "ఒక్కణ్ణి పోగొట్టుకున్నాం, అన్నా. నేను ఒంటరిగా ఇంటికి పోలేను" అన్నాడు పోలయ. సింగన పళ్ళు బిగబట్టి, రాళ్ళను పట్టుకుని లేచాడు. పొద్దు కొండంచును తాకే వేళకు ఇద్దరూ సరిహద్దు రాయి దాటారు. అవతల తమ వాళ్ళు కేకలు వేశారు. పోలయకు నవ్వు రాలేదు.

మూడోనాడు అతడు కాటయ ఇంటికి వెళ్ళాడు. కాటయ భార్య మారెమ్మ గుమ్మంలోకి వచ్చింది. గరిడీ శిష్యులు చుట్టూ మూగారు. యుద్ధంలో పోయాడని చెబితే బాగుండుననిపించింది పోలయకు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ దాచొద్దని కాటయ చెప్పాడు కదా. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"నడవలేకపోయాడా?" అంది మారెమ్మ. "ఆయనా?"

"రోజూ తన సంకటిలో సగం నాకే పెట్టాడమ్మా," అన్నాడు పోలయ.

మారెమ్మ లోపలికి వెళ్ళి, పోలయకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ వానాకాలంలోనే కాటయ కొట్లో కన్నుమూశాడని కబురు వచ్చింది. గరిడీ శిష్యులు మూడు రోజులు మట్టి తొక్కలేదు. నాలుగో రోజు పొద్దున, పొలానికి పోయే తొందరలో ఉన్నవాళ్ళు కూడా, ఉన్న కాస్త సేపటికే వచ్చి నాలుగు దండీలు తీసి వెళ్ళారు.

తీరిక దొరికాక చేద్దామని కూర్చున్నవాడి బలం కూర్చున్నచోటే కరిగిపోతుంది. దొరికిన కాసేపైనా రోజూ ఒళ్ళు వంచినవాడికే కష్టకాలంలో కాళ్ళు ఆడతాయి.