అరిచే అక్షరాలు

ఫణికి ఒక్క మాట కావాలి. బోర్డులు రాసే బుడేసాహెబ్ మాస్టారి నోట "సరే" అన్న మాట.

చీరాల బజార్లో మాస్టారి కుంచె తగలని గోడ లేదు. ఆయన దగ్గరే చెయ్యి తిప్పడం నేర్చుకున్న ఫణి, ఆ గరుకు అక్షరాలన్నిటికీ ఫోటోలు తీసి కంప్యూటర్లో ఫాంటు చేశాడు. ఎండు కుంచె గీరిన చారలు, తలకట్టు విసురు, చివర్న చీలిన వెంట్రుకల జాడ, ఏదీ వదల్లేదు. పేరు కూడా 'బుడేసాహెబ్' అనే పెట్టాడు. మచ్చుకి మూడు చోట్ల వాడి చూశాడు కూడా. ఇక మాస్టారు సరే అంటే ఊరి మీదికి వదలడమే.

"ఎక్కడెక్కడ వాడావో చూపించరా," అన్నారు మాస్టారు.

ముందు కబడ్డీ పోటీల బ్యానరు. మాస్టారు దాని ముందు నిలబడి గొంతు చించుకుని చదివారు. "రండి, తలపడండి!" టీకొట్టు దగ్గరి కుర్రాళ్లు ఈల వేశారు. ఫణి ఛాతీ ఇంత పొంగింది.

తరవాత పచ్చళ్ల కొట్టు. "ఘాటు ఆవకాయ" అని అదే గొంతుతో చదివేసరికి కొట్టాయన గరిటెతో సహా బయటికొచ్చాడు. "ఎన్ని కేజీలు సాయిబు గారూ?"

"అసలైంది గ్రంథాలయంలో ఉంది మాస్టారూ. చూస్తే మురిసిపోతారు," అన్నాడు ఫణి.

లోపల పరీక్షల పిల్లలు పుస్తకాల్లో తలలు దూర్చి ఉన్నారు. ఓ పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. గోడ మీద ఫణి బోర్డు, ఆ గరుకు అక్షరాల్లోనే: నిశ్శబ్దం పాటించండి.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఫణి ఆయన చెయ్యి పట్టుకోబోయాడు.

"నిశ్శబ్దం పాటించండి!"

పెద్దాయన పేపరు కింద పడింది. గ్రంథాలయం నాగరత్నమ్మ పరుగున వచ్చింది.

"ఏమిటా కేకలు సాయిబు గారూ? బోర్డు కనబడలేదా?"

"కనబడిందమ్మా. దాన్నే చదివాను."

"అంత గట్టిగానా?"

"ఎట్లా రాసుంటే అట్లా చదివాను తల్లీ."

ఆవిడ ఫణి వైపు చూసింది. ఫణి సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

బయటికొచ్చాక గొణిగాడు. "అక్షరాలు మీవే కదా మాస్టారూ."

"నావేరా. నేనెప్పుడైనా ఇక్కడ రాశానా?"

మర్నాడు ఫణి ఆ బోర్డు దింపి, సన్న కుంచె పట్టుకుని కూర్చున్నాడు. గుండ్రంగా, చిన్నగా, ఒకదానికొకటి తగలకుండా రాశాడు. తగిలించి మాస్టారిని పిలుచుకొచ్చాడు.

మాస్టారు బోర్డు ముందు నిలబడ్డారు. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు.

"ఏమన్నారు మాస్టారూ? బోర్డు చదివారా, సరే అన్నారా?"

నాగరత్నమ్మ కూర్చున్న చోటి నుంచే బోర్డు వైపు వేలు చూపించింది. ఫణి నోరు మూసుకున్నాడు.

మాస్టారు మళ్లీ అదే మాట, అంత మెల్లగానే అన్నారు. తను కోరిన ఆ ఒక్క మాట ఈసారి ఫణికి వినబడింది.