రెండు దారుల డోలీ

గాసిరాం, నాటువైద్యుడు సుక్రయ్య గురువు దగ్గర చేరి మూడేళ్ళయింది. అరవై ఆకులు గుర్తుపట్టగలడు. అందులో నలభై, గురువు పేరు చెప్పాక గుర్తుపడతాడు. మిగతా ఇరవైలో తులసి, వేప, కరివేపాకు కూడా ఉన్నాయి.

అతని బాధ ఒక్కటే. ఇన్నాళ్ళూ గురువు అతని చేత దంచించాడు, నూరించాడు, వడకట్టించాడు. రోగికి మందు మాత్రం ఒక్కసారి కూడా ఇప్పించలేదు.

ఆ బుధవారం గురువు సంతకు బయల్దేరుతూ, "ఎవరైనా వస్తే కూచోబెట్టు. నేనొచ్చీదాకా కబుర్లు చెప్పు," అన్నాడు.

ఆయన ఊరి పక్క గెడ్డ నీళ్ళు దాటాడో లేదో గాసిరాం వెళ్ళి ఆయన చాప మీద కూచున్నాడు. మామూలు ఈతచాపే. కానీ కూచోగానే నడుం దానంతటదే నిటారుగా అయిపోయింది.

కాసేపటికి దొయిమతి వచ్చింది. ఎగువ వీధి ముసలావిడ. ఒళ్ళంతా వణుకుతోంది గానీ నోరు మాత్రం కుదురుగానే ఉంది.

"గురువు లేడా అల్లుడూ?"

"నేనున్నాను కదత్తా."

"అందుకే అడుగుతున్నాను. గురువు లేడా?"

గాసిరాం ఆ మాట విననట్టు ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాడి ఎక్కడ కొట్టుకుంటోందో దొరకలేదు. దొరికినట్టే తలూపాడు. ఆ తరవాత పథ్యం ఎత్తుకున్నాడు. వంకాయ ముట్టుకోకూడదు. ఎండుచేప తినకూడదు. చింతపండు, సొరకాయ, చల్ల, వెన్న...

"వెన్న ఎక్కడుందిరా మా ఇంట్లో!" అంది దొయిమతి. కొంగు ముడి విప్పి మాత్రల అట్ట తీసింది. "నిన్న ఆశా వర్కరమ్మాయి వేలు పొడిచి చూసి మలేరియా అంది. ఇవి మూడు రోజులు మింగమంది. నిన్న మింగీసాను. ఈ మాత్రా, మీ కషాయం, రెండూ పుచ్చుకోవచ్చా?"

గాసిరాంకి తెలీదు. ఆ సంగతి గురువు ఎప్పుడూ చెప్పలేదు, అతను ఎప్పుడూ అడగలేదు. కానీ చాప మీద కూచుని తెలీదనడం ఎలా?

"భేషుగ్గా పుచ్చుకోవచ్చు. అదొక పక్క నించి తరుముతుంది, ఇదొక పక్క నించి తరుముతుంది. జ్వరం ఎక్కడికి పోతుంది?"

మాత్ర తన ఎదుటే మింగించాడు. వెనకాలే నేలవేము, తిప్పతీగ, మిరియాలు వేసి కాచిన కషాయం పట్టాడు. గురువైతే అరగ్లాసు ఇస్తాడు. తొలి రోగి కదా అని గాసిరాం చెంబెడు ఇచ్చాడు.

పావుగంట తిరక్కుండా దొయిమతి మొత్తం కక్కేసింది. చాప మీదే. మళ్ళీ కక్కింది. కళ్ళు తేలేసి గోడకి జారగిలబడింది.

"అత్తా! ఓ అత్తా!"

పలకలేదు. దొయిమతి పలక్కపోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. గాసిరాం గబగబా కుండలో నీళ్ళు ముంచాడు. ఆమె మొహాన చల్లాడు, తువ్వాలుతో విసిరాడు, ఎరిగిన దేవుళ్ళందరికీ మొక్కాడు. మొక్కుల్లో తలో కోడినీ ఒప్పుకున్నాడు. అతనికి ఉన్నది ఒకటే కోడి.

గురువు ఉల్లిపాయల సంచితో గుమ్మంలో అడుగుపెట్టాడు. చాప చూశాడు, చెంబు చూశాడు, మాత్రల అట్ట చూశాడు. దొయిమతి పక్కన కూచుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకి నాడి వెంటనే దొరికింది.

"రెండూ కలిపి ఎందుకిచ్చావు?"

"వాళ్ళదో దారి, మనదో దారి గురువు గారూ. రెండూ చేరేది ఒక చోటికే కదా అని..."

గురువు ఉల్లిపాయల సంచి మూలకి నెట్టాడు. దుప్పటి తెచ్చి వెదురు గెడకి కట్టాడు. ఆ ఊరికి బండి దారి లేదు. ఆసుపత్రికి ఆరు కిలోమీటర్లూ డోలీ మొయ్యాల్సిందే. దొయిమతిని అందులో పడుకోబెట్టి గెడ ముందు కొస ఆయన ఎత్తుకున్నాడు, వెనక కొస గాసిరాం ఎత్తుకున్నాడు.

కొండ మలుపులో దారి చీలింది. ఎడమ పక్కది గెడ్డ వెంబడి పోతుంది, కుడి పక్కది కాఫీ తోటల్లోంచి పోతుంది. గురువు ఆగాడు.

"నేను గెడ్డ దారిన ఎల్తాను. నువ్వు తోట దారిన రా."

"డోలీ ఒకటే కదా గురువు గారూ!"

"అయితే ఏటి? రెండూ చేరేది ఆసుపత్రికే కదా," అని గురువు ఎడమకి రెండడుగులు వేశాడు. గెడ అడ్డం తిరిగింది. గాసిరాం తుప్పలోకి తూలాడు. డోలీ ఊగిపోయింది.

"ఒరే! మీ పాఠాలేవో నన్ను కిందకి దింపీసి చెప్పుకోండ్రా!" అని దుప్పట్లోంచి కేక వినపడింది.

దొయిమతికి మాట వచ్చింది. గాసిరాంకి ప్రాణం లేచొచ్చింది. గురువు వెనక్కి చూడకుండా గెడ్డ దారి పట్టాడు. గాసిరాం ఆయన అడుగులో అడుగు వేశాడు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ దొయిమతిని పడుకోబెట్టి పరీక్ష చేసింది.

"మాత్రలు కాకుండా ఆకు పసర్లేమైనా తాగావా అమ్మా?"

దొయిమతి గాసిరాం వైపు చూసింది. "గంజి తాగాను తల్లీ. ఉత్త గంజి," అంది.

గాసిరాం గురువు వైపు చూశాడు. గురువు గోడ మీది దోమ బొమ్మని శ్రద్ధగా చూస్తున్నాడు.

గాసిరాం ఒకడుగు ముందుకేశాడు. "అబద్ధమండీ. కషాయం తాగింది. నేనే ఇచ్చాను. నేలవేము, తిప్పతీగ, మిరియాలు. చెంబెడు. మాత్ర మింగిన పావుగంటకి కక్కేసిందండీ."

తిడుతుందని తల వంచుకున్నాడు. డాక్టరమ్మ తిట్టలేదు. ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. "అయితే మాత్ర బయటికి పోయినట్టే. మళ్ళీ వెయ్యాలి. ఈ రెండ్రోజులూ ఇక్కడే ఉంచుతాను. మాత్రలు పూర్తయ్యేదాకా కషాయం ఆపండి."

"రెండూ కలిస్తే ఏమవుతుందండీ?" అన్నాడు గాసిరాం.

"ఏమో. వీటిని కలిపి ఎవరూ సరిగ్గా పరీక్షించి చూడలేదు. నాకూ తెలీదు."

అంత చదువు చదివి, అంత పెద్ద కుర్చీలో కూచుని, ఆ మాట అంత తేలిగ్గా అనేసింది. గాసిరాం ఆ కుర్చీ వంక కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

బయటికొచ్చాక గురువు మెట్ల మీద కూచున్నాడు. గాసిరాం కింద మెట్టు మీద కూచున్నాడు.

"గురువు గారూ, మాత్రలు మింగుతూ మన కషాయం తాగొచ్చా అని మిమ్మల్ని కూడా ఎవరైనా అడిగారా?"

"ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు."

"మీరేం చెబుతారు?"

"తెలీదంటాను. ఆనక గెడ ఎత్తుకుంటాను," అని గురువు భుజం మీది తువ్వాలు తీశాడు. అక్కడ చర్మం గెడ మందాన నల్లగా, పాత చెప్పు అట్టలా కాయ కాచి ఉంది.