ఏ పనీ చేయని ఆదేశం

హైమ రాసిన ప్రోగ్రాములో ఎక్కడో తప్పుందని అందరూ అంటున్నారు. హైమ మాత్రం లేదంటోంది. మొదటి నుంచి చివరిదాకా మళ్లీ మళ్లీ చదివింది. కాకి పిల్ల కాకికి ముద్దు. ఎన్నిసార్లు చూసినా ముద్దుగానే కనిపించింది.

సముద్రం ఒడ్డున తుపాను హెచ్చరికల కేంద్రం అది. రాడార్ పంపే సమాచారాన్ని కంప్యూటరు అందుకుని, తుపాను ఎటు కదులుతోందో తెర మీద బొమ్మ కట్టి చూపిస్తుంది. ఆ అందుకునే పని హైమ ప్రోగ్రాముది. అది కెర్నెల్‌లో, అంటే కంప్యూటరులో పనులన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాములో, కలిసిపోయి ఉంటుంది. ఆ మధ్యాహ్నం తుపాను ముదిరేకొద్దీ తెర మీద బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ కదులుతోంది.

వైర్‌లెస్ దగ్గర కూర్చున్న సింహాచలం కేకేశాడు.

"మేడమ్, బోట్లు ఇంకా నీటి మీదే ఉన్నాయండి. ఏ రేవుకి రమ్మంటారని అడుగుతన్నారు. ఏటి సెప్పమంటారు?"

బొమ్మ ఆగి ఉంది. తుపాను ఎటు తిరిగిందో తెలియకుండా ఏ రేవని చెప్పాలి?

"కంప్యూటర్ ఆపేసి మళ్లీ మొదలుపెడతాను మాస్టారూ" అంది హైమ.

మస్తాన్ మాస్టారు ఆమెకు కెర్నెల్ నేర్పిన గురువు. రిటైరయ్యాక కూడా, తుపాను వస్తోందంటే ఎవరూ పిలవకుండానే వచ్చి ఓ మూల కూర్చుంటారు. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కుంటేవాడి నడక చూడాలంటే పడుకోబెట్టి చూస్తామా తల్లీ? నడవనీ."

కెర్నెల్ నడుస్తుండగానే లోపల ఏ ఫంక్షన్, అంటే ఒక్కో పని చేసిపెట్టే చిన్న ముక్క, దేన్ని పనికి పిలుస్తోందో చూసే దారి ఒకటి ఉందని హైమకు తెలుసు. ఎప్పుడూ వాడలేదు. ప్రోగ్రాము చదవడం రానివాళ్ల కోసం అలాంటివి అనుకునేది.

"చదువుకునే రోజుల్లో ఒకటి అడిగావు, గుర్తుందా?" అన్నారు మాస్టారు. "కెర్నెల్‌లో ఇంచుమించు ప్రతి ఫంక్షన్ మొదట్లోనూ ఏ పనీ చేయని ఆదేశం ఒకటి ఎందుకు, దండగ కదా అని."

"అడిగాను. మీరు నవ్వి ఊరుకున్నారు."

"ఇప్పుడు చూడు."

కీబోర్డు దగ్గరికి లాక్కుని చిన్న ఆదేశం కొట్టారు. కంప్యూటరు ఆగలేదు. కెర్నెల్ నడుస్తూ నడుస్తూనే, ఆ దండగ చోట్లన్నీ మేలుకున్నాయి. ఏ ఫంక్షన్ అయినా ముందు అక్కడ తన పేరు చెప్పి, ఆ తర్వాతే పనిలోకి దిగుతోంది.

తెర మీద పేర్లు పారాయి. ఒకటి ఇంకొకదాన్ని పిలుస్తోంది. అది మరొకదాన్ని. పని కాగానే ఎవరు పిలిచారో వారికే తిరిగి అప్పగిస్తోంది. రాడార్ నుంచి పిడికెడు సమాచారం రావడానికి ఇన్ని చేతులు మారాలా? హైమకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ ఆమె కెర్నెల్‌ని చదివింది. అది బతికి ఉండగా చూడడం ఇదే మొదలు. వాటిలో సగం పేర్లు విననైనా లేదు. ఒక్కటీ తన వంతు తప్పడం లేదు. బోట్ల సంగతి కూడా ఒక్క క్షణం మరిచిపోయి, నోరు తెరుచుకుని చూసింది.

"ఆగిన చోట చూడు" అన్నారు మాస్టారు.

ప్రతి పేరు పక్కనా అది తీసుకున్న సమయం ఉంది. రెప్పపాటులో ఏ వెయ్యోవంతో. ఒక్కచోట మాత్రం అంకె చాంతాడంత. మిగతావన్నీ దాని వెనకే పడిగాపులు కాస్తున్నాయి. దాన్ని పిలిచిన మహానుభావుడెవరా అని హైమ పై వరసకు చూసింది.

తన ప్రోగ్రామే.

సమాచారం అందిన ప్రతిసారీ "హైమ ప్రోగ్రాము: అంతా సవ్యం" అని ఓ పాత తెర మీద ప్రకటించమని తనే రాసింది. ఆ తెరది నత్త నడక. చివరి అక్షరం అక్కడికి చేరేదాకా ఇక్కడ అన్ని పనులూ ఆగాల్సిందే. తుపాను ముదిరింది, సమాచారం పెరిగింది, ప్రకటనలూ పెరిగాయి. ఎన్నోసార్లు చదివిన వాక్యమే అది.

హైమ ముఖం కందిపోయింది. ఆ ప్రకటనను ఆపేసింది. బొమ్మ కదిలింది. మళ్లీ ఆగలేదు.

"ఉత్తరానికి తిరిగింది సింహాచలం గారూ! దక్షిణం రేవుకు రమ్మనండి, త్వరగా!"

చాలాసేపటికి వైర్‌లెస్‌లో గరగరమంటూ ఒక గొంతు వినిపించింది. ఆఖరి బోటు ఒడ్డెక్కింది. హైమ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది.

మాస్టారు ఇంకో ఆదేశం కొట్టారు. పేర్ల ప్రవాహం ఆగిపోయింది. ఆ చోట్లన్నీ ఎప్పటిలా ఏ పనీ చేయని ఆదేశాలైపోయాయి. లోపల కెర్నెల్ నడుస్తూనే ఉంది.

హైమ ఆ ఖాళీ తెర వైపు చూసింది.

"అన్ని వేల ఫంక్షన్లు మాస్టారూ... ఇన్నాళ్లూ ఒక్కటి కూడా తన పేరు చెప్పుకోలేదు."

మాస్టారు బల్ల కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటున్నారు.

"మనం అడగలేదుగా తల్లీ" అన్నారు.